మేడ మీది గదిలో ఆవిడ

వరసగా కొన్ని ఆదివారాలు రైల్లో కనిపించకపోయేసరికి ఉండబట్టలేక ఆవిడ నంబరుకి ఫోన్ చేశాను. అంతకుముందు ఎప్పుడూ నేనుగా చెయ్యలేదు. చెయ్యొద్దని ఆవిడే అన్నారు. చాలాసేపు మోగాక ఒక మగగొంతు పలికింది.

"హలో, ఎవరండి?"

పేరు చెప్తే ఆయనకి తెలియదు. ఎక్కడ కలుస్తామో చెప్పకూడదు. "ఆదివారం ఆదివారం రైల్లో కలుస్తుంటామండి. ఆవిడ ఒంట్లో ఎలా ఉందోనని..." అన్నాను.

అవతల దూరంగా రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోత వినిపించింది.

"ఆవిడ లేరండి. గుండెపోటు వచ్చింది. పెద్దకర్మ కూడా అయిపోయిందండి."

అప్పటికి ఎంతమందికి చెప్పారో, ఆ మాట ఆయన నోట్లో అరిగిపోయినట్టుంది. నేను "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేశాను. వంటింట్లో పాలు పొంగిపోయి పొయ్యి ఆరిపోయిన సంగతి కూడా కాసేపటిదాకా చూసుకోలేదు. ఈ చావు గురించి మా ఇంట్లో ఎవరితోనూ చెప్పడానికి లేదు. ఆవిడ ఎవరని అడుగుతారు. ఏం చెప్పను?

ఇప్పుడు రాస్తున్నా ఆవిడ పేరు రాయను. మేం కలిసిన చోట పద్ధతి అది. అక్కడ విన్నది గుమ్మం దాటకూడదు. అయితే ఒకసారి కొవ్వూరు దాటుతుండగా ఆవిడే అన్నారు, "నేను పోయాక కావాలంటే చెప్పుకోండి టీచరుగారూ, ఎవరికైనా పనికొస్తే" అని. ఆ ధైర్యంతో సంగతి చెప్తున్నాను. పేరు మాత్రం వద్దు.

మాది తణుకు. హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా ఆయన రైసుమిల్లులో సూపర్‌వైజరు. ఆయన తాగుడు గురించి ఇక్కడ పెద్దగా చెప్పను, ఇది ఆయన కథ కాదు. లివరు పరీక్షలు చేయించినప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, రాజమండ్రిలో ప్రతి ఆదివారం తాగుడు మానేసినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారని చెప్పారు. "ఆయన రానంటే ముందు మీరు వెళ్ళిరండమ్మా. ఇంట్లోవాళ్ళు కూడా వస్తారక్కడికి" అన్నారు. తణుకులో అలాంటిది ఏమైనా ఉందా అని నేను అడగలేదు. ఉన్నా వెళ్ళేదాన్ని కాదు. మా స్కూలు పిల్లల తల్లులో తండ్రులో ఎవరో ఒకరు చూస్తారు.

ఆ ఆదివారం రాజమండ్రిలో గోదావరి స్టేషన్లో దిగి, ఫోన్లో మ్యాపు పెట్టుకుని నడిచాను. మ్యాపు నన్ను మూసేసిన టైర్ల కొట్టు ముందుకి తీసుకెళ్ళి, వచ్చేశారని చెప్పింది. పక్కనే కిళ్ళీకొట్టాయన్ని అడిగాను.

"ఇక్కడ మీటింగు ఎక్కడండి?"

"ఏ మీటింగమ్మా? మహిళా సంఘాలదా?"

నేను ఎలా తల ఊపానో, ఆయన నన్ను పక్క వీధికి పంపించాడు. అక్కడ ఒక హాల్లో ఆడవాళ్ళంతా ఒకే రంగు చీరల్లో కూర్చుని ఉన్నారు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఇంకో ముసలాయన "ప్రార్థన కూటమా? అది పొద్దున్నే అయిపోయిందే" అన్నాడు. తాగుడు అన్న మాట నోట్లోంచి రాలేదు. పాఠంలో అయితే ఆల్కహాలు ఫార్ములా బోర్డు మీద రాస్తాను. ఆ వీధిలో నిలబడి ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఎండ మండిపోతోంది. ఇక రైలెక్కి వెళ్ళిపోదామని తిరిగేసరికి, రోడ్డుకి అవతల కొబ్బరిబొండాల బండి దగ్గర గొడుగేసుకుని నిలబడ్డ ఒకావిడ చెయ్యి ఊపారు.

"మీటింగుకేనాండి?"

"అవునండి."

"ఆ మీటింగేనా?"

ఆ మాటని ఆవిడ నొక్కి, గొంతు తగ్గించి అన్నారు. ఇద్దరికీ అర్థమైపోయింది.

"ఆ మీటింగేనండి," అన్నాను.

"అదిగో, ఆ చర్చి కాంపౌండులో స్కూలుంది చూడండి. దాని మేడ మీద. పదండి, నేనూ అక్కడికే."

పచ్చగా, నిండుగా ఉన్న మనిషి. యాభై దాటి ఉంటాయి. సన్నంచు నేతచీర, చేతులకి బరువైన గాజులు. భీమవరం వైపు పెద్ద ఇళ్ళలో మనుషుల తీరు తెలిసిపోతూనే ఉంది. మెట్ల దగ్గరికి వచ్చాక నన్ను ముందు నడవమని తను వెనక వచ్చారు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"మీరు ఎప్పట్నుంచీ వస్తున్నారండి?"

"వస్తూనే ఉంటానండి."

"మీవారి కోసమాండి?"

ఆవిడ మెట్టు మీద ఆగారు. గొడుగు ముడిచి, దాని బొత్తాం పెట్టడానికి కాస్త ఎక్కువసేపే తీసుకున్నారు. "ఆ... మావారి కోసమండి" అన్నారు.

ఆవిడకి కూడా అదే మొదటిసారని చాలా రోజుల తర్వాత తెలిసింది. అంతకుముందు ఎన్ని ఆదివారాలు వచ్చారో, ఆ బండి దగ్గర ఒక బొండాం తాగి, ఆ గేటు వైపు చూసి, వెనక్కి వెళ్ళిపోయేవారట. "మిమ్మల్ని చూసి, పాపం ఈవిడకి దారి తెలియట్లేదు అనుకున్నానండి. నా కోసం అయితే వెళ్ళలేకపోయాను. ఇంకొకరికి దారి చూపించడానికైతే వెళ్ళగలననిపించింది" అన్నారు.

ఆ గది సండే స్కూలు గది. గోడల మీద ఓడలోకి ఎక్కుతున్న జంతువుల బొమ్మలు, గొర్రెపిల్లని ఎత్తుకున్న కాపరి బొమ్మ. మగవాళ్ళు ముందు వైపు కుర్చీల్లో గుండ్రంగా కూర్చునేవారు. భార్యలు, తల్లులు వెనక, చిన్నపిల్లల బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవారు. నడిపే పెద్దాయన ఒకప్పుడు కాలేజీ లెక్చరరు. ఒక్కొక్కరూ లేచి తమ గురించి చెప్పుకునేవారు. ఉద్యోగం పోయినవాళ్ళు, కూతురి పెళ్ళిలో తాగి పడిపోయినవాళ్ళు. వెనక మేం చెంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం ఏడ్చేవారు కాదు. కాస్త ముందుకి వంగి, చెవి మగవాళ్ళ వైపు పెట్టి వినేవారు. మా వైపు ఎవరైనా మాట్లాడితే కిటికీలోంచి బయటికి చూసేవారు.

తిరుగు ప్రయాణం ఒకే రైలు కావడంతో మా స్నేహం అంతా ఆ రైల్లోనే. ఎక్కగానే కిటికీ పక్కన చోటు చూసుకుని, చెప్పులు విప్పేసి, కాళ్ళు ఎదుటి సీటు మీదికి చాపుకుని కూర్చునేవారు. ఆ మనిషి అలా కూర్చోవడం వాళ్ళ ఊళ్ళో ఎవరైనా చూస్తే నమ్మరు. చేతిసంచిలో యాలక్కాయల డబ్బీ. ఎప్పుడూ బుగ్గన ఒకటి. నాకూ ఒకటి ఇచ్చేవారు. నవ్వొస్తే అరచెయ్యి మొత్తం నోటికి అడ్డం పెట్టేసుకునేవారు, సిగ్గేమో అనుకునేదాన్ని. నిడదవోలులో జామకాయలు ఎక్కితే ఒక్కొక్కటీ నొక్కి చూసి కొనేవారు. కొన్నవన్నీ నాకే ఇచ్చేసేవారు. "ఇంటికి పట్టుకెళ్తే ఎక్కడివని అడుగుతారండి" అనేవారు.

ఇంట్లో ఆవిడ చెప్పింది గోదావరి స్నానం మొక్కు అని. అందుకని మీటింగు అయ్యాక తప్పనిసరిగా పుష్కరాల రేవుకి నడిచేవాళ్ళం. చీర కాస్త పైకి దోపుకుని మెట్లు దిగి, ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టేవారు. ఒకరోజు రైలు టైమైపోతోందని, స్టేషన్లో కుళాయి నీళ్ళు పట్టేయమన్నాను. ఆవిడ నా వైపు చూసి, "అబద్ధం ఒకటి చాలండి. దేవుడి గదిలో పెట్టే నీళ్ళు కదా" అన్నారు. ఆ రోజు రైలు తప్పిపోయింది. తర్వాతి బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మా ఆయన సంగతులు చెప్పుకుని నేను ఏడిస్తే ఆవిడ ఓదార్చేవారు కాదు. వింత ప్రశ్నలు అడిగేవారు.

"పొద్దున్న లేచాక మీ మొహం చూస్తారా ఆయన?"

"చూడరండి. పేపరు అడ్డం పెట్టుకుంటారు."

"చూళ్ళేరండి. ఆ టైములో ఏమీ అనకండి. అరిచినా కూడా పర్లేదు కానీ, మంచిగా మాట్లాడితే అస్సలు తట్టుకోలేం."

తట్టుకోలేం అన్నారు. నేను పట్టించుకోలేదు. ఈవిడ ఎంత ఓపికగల భార్య, మొగుడి కడుపులో మాట కూడా ఈవిడకి తెలుసు అనుకున్నాను. మా ఆయన ఆ మేడ మెట్లు ఎక్కింది రెండుసార్లే. రెండోసారి మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. ఎందుకంటే, వారానికి ఒక్కసారైనా నేను చెప్పేది ఆశ్చర్యపోకుండా వినే మనిషి అక్కడ ఉండేది.

మీటింగులో మాట బయటికి పోకూడదు. కానీ పోయింది. భీమవరం నుంచి వచ్చే ఒకతను ఎవరితోనో అన్నాడు, వాళ్ళు ఇంకెవరితోనో అన్నారు. ఆ ఏడు వానలు మొదలైన ఒక ఆదివారం, తిరిగొస్తున్న రైలు సిగ్నలు లేక తణుకు ముందర ఆగిపోయింది. కిటికీ మీద జల్లు కొడుతున్నా ఆవిడ తలుపు దించలేదు.

"టీచరుగారూ, మావారు తాగుబోతని ఊళ్ళో చెప్పుకుంటున్నారండి," అన్నారు.

నేను ఒళ్ళో సంచి పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగాను.

"చెరువుల దగ్గర ఎవరో ఆయన్నే అడిగేశారట. 'మీ ఆవిడ రాజమండ్రిలో తాగుబోతుల మీటింగుకి వెళ్తోందట కదా, మీ కోసమేనా?' అని. ఆయన ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నారు. 'ఆదివారం నువ్వెళ్ళేది రేవుకేనా?' అన్నారు. 'రేవుకి కూడా వెళ్తున్నానండి' అన్నాను. ఇంకేమీ అడగలేదు. మజ్జిగ పొయ్యమన్నారు."

"ఆయనకి కోపం రాలేదాండి?"

ఆవిడ బుగ్గన ఉన్న యాలక్కాయని తీసి కిటికీలోంచి పారేశారు.

"తాగేది మావారు కాదండి. నేను."

రైలు ఆగే ఉంది. పక్కన చేలల్లో వాన పడుతోంది. ఆవిడ నా మొహం చూడకుండా, ఎదురుగా ఖాళీగా ఉన్న సీటు వైపు చూస్తూ చెప్పారు.

వాళ్ళాయన రొయ్యలు కొనడానికి వచ్చే పార్టీల కోసం షోకేసులో ఖరీదైన సీసాలు ఉంచేవారట. ఆయన ముట్టరు. మర్యాద కోసం అంతే. ఒకసారి వాళ్ళు వెళ్ళిపోయాక గ్లాసులు కడుగుతుంటే ఒకదాని అడుగున కాస్త మిగిలి ఉంది. "చేదుగా ఉందండి. ఛీ అనుకున్నాను. కానీ ఆ పూట మధ్యాహ్నం తొందరగా అయిపోయింది." పనివాళ్ళు వెళ్ళిపోయాక, కూతురు పెళ్ళై విశాఖపట్నం వెళ్ళిపోయాక, మధ్యాహ్నాలు గడవడమే కష్టంగా ఉండేదట. "రెండు గంటలకి ఇల్లు ఎంత పెద్దదైపోతుందో మీకు తెలీదండి" అన్నారు. స్టీలు గ్లాసులో పోసుకునేవారు, ఎవరైనా వచ్చినా మంచినీళ్ళనుకుంటారని. సీసాలో తగ్గినంత నీళ్ళు పోసి పెట్టేవారు.

"మజ్జిగ పొయ్యమన్న మర్నాడు సీసా తీశానండి. తాగి చూస్తే నీళ్ళు. మొత్తం నీళ్ళే. నేను అంత పొయ్యలేదు. ఆయన కూడా పోస్తున్నారండి, టీచరుగారూ. నేను పోస్తున్నాను, ఆయన పోస్తున్నారు. ఎన్నాళ్ళ నుంచో నాకు తెలీదు."

"మరి ఆయన్ని అడగలేదా?"

"ఏమని అడుగుతానండి? అడిగితే చెప్పేవారేమో. ఇద్దరం అడగలేదు."

తర్వాత ఒక పెళ్ళిలో ఎవరో ఆయన భుజం తట్టి, మానేస్తున్నారట కదా, మంచి పని చేస్తున్నారు అన్నారట. ఆవిడ అక్కడే ఆడవాళ్ళ బంతిలో కూర్చుని విన్నారు. ఆయన "ఆయ్, మానేస్తున్నానండి" అన్నారట.

"నా పరువు కోసం అన్నారో, పెళ్ళాం తాగుతుందని తెలిస్తే పోయే తన పరువు కోసం అన్నారో, నాకు తెలీదండి. రెండూ ఒకటేనేమో కూడా. కానీ ఆ మనిషి ఆ మాట అని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు చూడండి, ఆ నడక నేను చూడలేకపోయాను."

సిగ్నలు పడింది. తణుకులో నేను దిగిపోవాలి. దిగే ముందు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అది చల్లగా ఉంది. రైలు కదిలాక కిటికీలోంచి, తలుపు దించుకుంటూ కనిపించారు.

తర్వాత ఎన్నో వారాలు ఆవిడ వెనక బెంచీ మీదే, నా పక్కనే కూర్చున్నారు. ఒక ఆదివారం మాత్రం, మగవాళ్ళ మాటలు అయిపోయాక లేచి నిలబడ్డారు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "చెప్పండమ్మా. మీవారి గురించేనా?" అన్నారు.

"మావారు తాగరండి," అన్నారావిడ. "నేను తాగుతాను."

ముందు వరసలో ఒకతను వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగిపోయాడు. ఆవిడ ఎదుటి బెంచీ అంచు పట్టుకుని చెప్పారు. కూతురు నెలల బిడ్డని తీసుకుని పుట్టింటికి వచ్చిందట. ఒక మధ్యాహ్నం బిడ్డని ఈవిడ దగ్గర పడుకోబెట్టి, పక్కింటికి వెళ్ళి వచ్చింది. వచ్చేసరికి బిడ్డ మంచం అంచుదాకా దొర్లి, కాలు కిందికి వేలాడుతూ ఏడుస్తున్నాడు. ఈవిడ పక్కనే పడుకుని ఉన్నారు. లేవలేదు. "అది నన్నేమీ అనలేదండి. బిడ్డనెత్తుకుని, నా మొహం దగ్గరికి వంగి వాసన చూసింది. అంతే. సాయంత్రం బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు వస్తుంది, వెళ్తుంది. బాబుని నా ఒళ్ళో పెడుతుంది కూడా. కానీ నా ఎదురుగానే కూర్చుంటుంది. బాత్రూముకి వెళ్తే బాబుని ఎత్తుకుని వెళ్తుందండి."

పెద్దాయన లేచి, తన పక్కన ఉన్న కుర్చీ ఒకటి లాగి, "ఇటు రండమ్మా, మీ చోటు ఇక్కడ" అన్నారు. ఆవిడ బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి కూర్చున్నారు.

అక్కడితో బాగుపడిపోయిందని రాయాలని ఉంటుంది. అలా జరగలేదు. మగవాళ్ళు భార్యల నగలు అమ్ముకున్న సంగతులు విని కన్నీళ్ళు పెట్టుకున్న ఆడవాళ్ళే, ఆవిడది విన్నాక చెంగులు దగ్గరికి లాక్కున్నారు. తర్వాతి ఆదివారం వెనక బెంచీల మీద ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, ఆవిడకి చోటు మిగలకుండా. ముందు కుర్చీల్లో మగవాళ్ళకీ ఇబ్బందిగానే ఉంది. ఒకతను మెట్ల మీద పెద్దాయనతో, "ఆడవాళ్ళుంటే మేం మనసు విప్పి ఎలా మాట్లాడతామండి?" అనడం నేను విన్నాను. ఆవిడ ముందూ కాకుండా, వెనకా కాకుండా, కిటికీ పక్కన గోడకి ఆనించి ఉన్న ఒక బెంచీ చూసుకుని కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చోబోతే ఒప్పుకోలేదు.

"మీరు వెనక కూర్చోండి టీచరుగారూ. మీ ఆయన సంగతి మీరు వాళ్ళతోనే చెప్పుకోవాలి. నా పక్కన కూర్చుంటే మీతో కూడా మాట్లాడరు."

"పర్లేదండి."

"నాకు పర్లేదుగా. బెంచీ మొత్తం నాదే. రైల్లో కూడా ఇంత చోటు దొరకదండి," అని అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ బెంచీ మీద ఒక్కరే ఎన్ని ఆదివారాలు కూర్చున్నారో. రావడం మాత్రం మానలేదు. మధ్యలో ఒకసారి రాలేదు. మరుసటి వారం వచ్చి, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా, "మొన్న మంగళవారం తాగానండి. అన్నీ పారబోశాను కదా అని ధీమాగా ఉంటే, మావారి కోసం ఎవరో పెళ్ళిపిలుపుకొచ్చి సీసా ఇచ్చి వెళ్ళారు. ఆయనకి ఇష్టం కదా అని" అన్నారు. ముందు ఒకతను ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. అతనితో ఇంకొకరు. ఆవిడ తెల్లబోయి చూసి, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టారు. చెయ్యి బెంచీ మీదే ఉండిపోయింది. ఆవిడ పళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి, ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉంది. ఆ రోజు తర్వాత మగవాళ్ళలో ఒకరిద్దరు "నమస్కారమండి" అని పలకరించేవారు. ఆడవాళ్ళు మాత్రం చివరిదాకా దూరంగానే ఉన్నారు.

రైల్లో మాటలు తక్కువయ్యాయి. తక్కువైనా హాయిగా ఉండేది. వంతెన మీద రైలు వెళ్తున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకునేవారు. ఇంట్లో ఆయనతో మాట్లాడారా అని అప్పుడప్పుడు అడిగేదాన్ని. "రేపు చెప్తానండి" అనేవారు. షోకేసులో సీసాలు లేవు. ఎవరు తీసేశారని ఆయన అడగలేదు. ఆదివారం పొద్దున్న ఆయనే కారులో స్టేషన్లో దింపడం మొదలుపెట్టారు. దారంతా రొయ్యల ధర గురించి మాట్లాడేవారట. ఆవిడ "ఊఁ" కొట్టేవారట.

నేను ఆవిడని చివరిసారి చూసిన ఆదివారం, రైలెక్కగానే నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మాయి వచ్చిందండి. నిన్న బాబుని నా దగ్గర వదిలేసి భీమవరం బజారుకి వెళ్ళింది."

"మీ ఒక్కరి దగ్గరేనా?"

"నా ఒక్కదాని దగ్గరేనండి. నేనే 'నీతో తీసుకెళ్ళమ్మా' అన్నాను, భయమేసి. 'వాడు పడుకున్నాడు, నువ్వున్నావుగా' అంది. వెళ్ళిపోయింది."

"మీరేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండి. వాడు పడుకున్నాడు. నేను కూర్చుని చూశాను. ఫోను మోగితే కూడా తియ్యలేదు. అది వచ్చేదాకా అలాగే చూశాను." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "మధ్యాహ్నం ఎప్పుడైపోయిందో తెలీలేదండి."

అంతే. ఆ తర్వాత ఆదివారం నుంచి రాలేదు.

నేను ఫోన్ చేసిన కొన్నాళ్ళకి ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. "నమస్కారమండి. ఆ రోజు చేసింది మీరేనాండి?" అన్నారాయన. అవునన్నాక, "ఆ మీటింగు ఎక్కడండి? ఎలా రావాలి?" అని అడిగారు. చెప్పాను. ఏ స్టేషను, ఏ మలుపు, ఏ గేటు. ఆయన ఒక్కొక్కటీ తిరిగి పలికారు.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి గేటు లోపల ఎండలో నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా, తెల్లపంచె. గుండు మీద అప్పుడే జుట్టు మొలుస్తోంది. ఎవరో చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

"పైకి రండి," అన్నాను.

"నేను రావచ్చాండి? నేను తాగనండి."

"తెలుసండి."

ఆయన నా మొహంలోకి చూశారు. ఆ మాట ఎవరైనా ఆయనతో అని ఎన్నాళ్ళయిందో.

"ఆవిడ మీతో చెప్పిందాండి?"

"అందరి ముందూ లేచి నిలబడి చెప్పారండి."

"అందరి ముందా?" అన్నారాయన. "మా ఆవిడా?" పక్కనున్న గోడ మీద చెయ్యి ఆనించారు. "ఇంట్లో... నేనూ అడగలేదులెండి."

పైన బెంచీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. మొదలుపెట్టేస్తారు, పదండి అన్నాను. ఆయన రుమాలు తీసి మొహమంతా తుడుచుకుని, చెప్పులు విప్పబోయి, అక్కర్లేదంటే మళ్ళీ తొడుక్కుని, నా ముందు నడిచారు. సగం మెట్లెక్కి ఆగిపోయారు.

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులండి. ఇంట్లో మేడ మీదికి వెళ్ళడం ఎప్పుడో మానేసింది. ఇన్ని మెట్లు ఎలా ఎక్కేదండి?"

"ఆగి ఆగి ఎక్కేవారండి," అన్నాను.

ఆయన కిందికి, ఎక్కివచ్చిన మెట్ల వైపు చూశారు. తర్వాత రెయిలింగు పట్టుకుని మెల్లగా పైకి నడిచారు.